కడగని నీలం

అందుకే ఆ గిన్నె ఇంకా కడగలేదమ్మా. నిన్న నీకు రాస్తూ ఇక్కడే ఆపేశాను.

నువ్వు కొన్న పాత జపాన్ రంగుల్లో నీలం సీసా ఖాళీ అయిపోయింది. రాయి నూరి చేసిన ఆ పొడి ఇప్పుడు దొరకదని నువ్వే అన్నావు. మిగిలిందల్లా తెల్ల గిన్నెలో ఎండిపోయినదే. దాన్ని జిగురులో వేలితోనే కలపాలనేదానివి. హాస్పిటల్ డ్యూటీలో రోజంతా గ్లోవ్సే, ఇదొక్కటి ఉత్త చేత్తో చేస్తానని నవ్వేదానివి. నీ వేలు తిరిగిన గుండ్రటి గీత అందులో అలాగే ఉంది.

నువ్వు పోయేనాటికి నీ బొమ్మలో సముద్రం సగమే అయింది. గిన్నెలో వేడినీళ్లు పోస్తే రంగు మళ్లీ పనికొస్తుంది, మిగతా సగం నేను వెయ్యగలను. కానీ నీ గీత పోతుంది. పొద్దున కెటిల్ పెట్టి ఆపేశాను.

శనివారం ఈ టాలట్ పేట నుంచి ఇల్లు మారుతున్నాం. నాన్న గిన్నెలన్నీ కడిగి పేపర్లో చుడుతున్నాడు. నాకు భయమేసి, వంటింటి సింకు పైన కిటికీలో ఉన్న నీ గిన్నెని తెచ్చి బట్టలు పెట్టుకునే ప్రెస్‌లో నా స్వెటర్ల వెనక దాచాను.

ఇప్పుడు తలుపు కొడుతున్నాడు.

"చిన్నీ, ఏం చేస్తున్నావ్?"

"ఐయామ్ గ్రాండ్ నాన్నా, బానే ఉన్నా."

"అమ్మ నీలం గిన్నె నువ్వు తీశావా? కడగలేదుగా?"

నేను స్వెటర్లు ఇంకాస్త ముందుకి జరిపాను.

"ఇన్నాళ్లూ సింకులో నీళ్లు దానిమీద చిందకుండా చూసుకున్నానమ్మా. ఎక్కడుందో చెప్పు, చాలు."

ఈ కాగితాలు దిండు కింద పెట్టి తలుపు తీస్తాను.