వెన్న ఫ్యాక్టరీ దగ్గర ఎడమకి

సెప్టెంబర్ 29, సోమవారం, ఉదయం 7:10

ఈ రోజు నుంచి "ఒకప్పుడు ఇక్కడ" అన్న మాట నా నోట రాదు. ఒట్టు!

కారణం గ్రెచెన్. మా టిల్బరీ పర్యాటక సంఘానికి కొత్త పెద్ద, ముప్పై నాలుగేళ్ళ పిల్ల. నిన్న చర్చి బయట పట్టుకుంది.

"ఆర్లిస్ గారూ, ఏమనుకోకండి. మీ టూర్‌లో సగం లేని బిల్డింగులే. జనం ఖాళీ స్థలాలు చూసి పోతున్నారు. శనివారం నేనూ మీతో నడుస్తా. అప్పుడూ ఇంతే అయితే, వచ్చే ఏడు నుంచి ఫోన్‌లో రికార్డు గొంతు పెట్టేస్తాం."

పంతొమ్మిదేళ్ళుగా నడిపిస్తున్న టూర్! రికార్డు గొంతట!

నియమం: ఉన్నవే చెప్పాలి. కాలేజీ గడియారం, గుండ్రటి పశువుల కొట్టం, నిలువెత్తు పచ్చిక బీడు. నోరు జారితే ఆ రోజు నా రూబార్బ్ కేకు ముక్క వెర్లిన్‌ది. మా ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. అంత వెంటనే ఎందుకో?

సెప్టెంబర్ 30

ఒక్కసారీ జారలేదు. కేకు తిన్నా. ఇంత సుళువని తెలిస్తే ఎప్పుడో చేసేదాన్ని!

అక్టోబర్ 1, బుధవారం, 10:30

కాన్సాస్ వాళ్ళెవరో పచ్చిక బీడుకి దారి అడిగారు. "నేరుగా వెళ్ళి వెన్న ఫ్యాక్టరీ దగ్గర ఎడమకి" అన్నా. అది కూల్చేసి నలభై ఏళ్ళు. పాపం, పక్క ఊళ్ళో తేలారట.

అయినా "ఒకప్పుడు" అనలేదుగా! ఇది లెక్కలోకి రాదు.

"అని ఉంటే వెతకడం మానేసేవాళ్ళు" అన్నాడు వెర్లిన్, నా కేకు నములుతూ.

అక్టోబర్ 2

భోజనం దగ్గర మా ఆయన, ఏమీ ఎరగనట్టు: "ఆర్లిస్, ఆ టైర్ల షాపు స్థలంలో ముందు ఏముండేది చెప్మా?"

"నాటకశాల! 1911లో తగలబడితే మా తాతయ్య పియానోని కిటికీలోంచి..."

కేకు పోయింది. కుట్ర! సవరణ: నియమం గుమ్మం బయటే, ఇంట్లో కాదు.

అక్టోబర్ 3, శుక్రవారం

మూడుసార్లు జారా. కాదు, ఐదు. కాలేజీలో పాత విద్యార్థుల వేడుక, ఊరంతా వాళ్ళే. "అదేమైంది, ఇదేమైంది" అని అడుగుతుంటే మూగనోము పట్టాలా?

భయంగా ఉంది. ఈ టూర్ పోతే శనివారాలు నేనేం చేసుకోను?

వెర్లిన్ కేకు ముక్క నా వైపు తోశాడు. "తిను. రేపు ఓపిక కావాలి."

అక్టోబర్ 4, శనివారం

పద్నాలుగు మంది, గ్రెచెన్‌తో పదిహేను. గడియారం చూపించా. కొట్టం చూపించా. ఒక్కసారీ నోరు జారలేదు. ఒకాయన ఆవలించాడు. ఇంకొకాయన ఆయన్ని చూసి ఆవలించాడు.

కార్లు నిలిపే స్థలం దగ్గర కర్ర ఊతంతో ఉన్న పెద్దావిడ ఆగిపోయింది. ఇమోజీన్, ఎనభై ఒక్కేళ్ళు, ఆరెగాన్ నుంచి ఒంటరిగా వచ్చింది.

"బార్టన్ హాస్టల్ ఎక్కడమ్మా? ఇక్కడే ఉండాలే!"

గ్రెచెన్ నన్నే చూస్తోంది. పళ్ళు బిగబట్టా. ఆవిడ మొహం చూశా. ఇక ఆగలేదు నా నోరు.

"ఒకప్పుడు ఇక్కడే! డెబ్భై నాలుగులో పడగొట్టారు. ఇవిగో మెట్లు, ఇక్కడ గంట..." అడుగులు కొలిచి చూపించా. ఆవిడ కర్ర ఆనించుకుంటూ వచ్చి రెండు కార్ల మధ్య నిలబడింది.

"ఇది నా కిటికీ. మా ఆయన కిందనుంచి మొక్కజొన్న గింజలు విసిరేవాడు. మూడో గింజకి తీసేదాన్ని. రెండింటికే తీస్తే అలుసైపోమూ?"

అందరూ ఒకటే నవ్వు. ఆ తర్వాత ఎవరూ కదల్లేదు. అది ఎక్కడ, ఇది ఎక్కడ అని ఒకటే ప్రశ్నలు. గంట టూర్ మూడు గంటలైంది.

చివర్లో గ్రెచెన్ పక్కకి వచ్చింది. అయిపోయాననుకున్నా.

"ఆర్లిస్ గారూ... మా అమ్మమ్మ ఆ హాస్టల్లోనే వండేది. వంటిల్లు ఏ మూల?"

చూపించా. వెళ్ళి ఆ మూల, ఎర్ర కారు పక్కన నిలబడింది. కళ్ళు తుడుచుకుని, "రికార్డు గొంతు వద్దులెండి. దారి చెప్పేటప్పుడు మాత్రం లేనివి చెప్పకండి, దణ్ణం పెడతా" అంది.

అక్టోబర్ 5, ఆదివారం, సాయంత్రం 5:00

కొత్త ఒట్టు: దారి చెప్పేటప్పుడు ఉన్నవే చెప్తా. ఈసారి ఖాయం!

5:20. గ్రెచెన్‌ని భోజనానికి పిలిచాం. దారి కోసం ఫోన్ చేసింది. వీధి పేరు, ఇంటి నంబరు, సిగ్నల్ లైటు, అన్నీ పద్ధతిగా చెప్పా.

"అర్థం కావట్లేదండీ. వెన్న ఫ్యాక్టరీకి ఇవతలా, అవతలా?"

"ఇవతలే!"

వెర్లిన్ అప్పుడే నా కేకు మీదికి ఫోర్కు ఎత్తాడు. రేపటి నుంచి మళ్ళీ మొదలు.