అరవై ఆరు భాగహారాలు

జూన్ 3, ఉదయం 6.10

స్ట్రోక్ వచ్చి నేటికి నలభై ఒకటో రోజు. కుడిచెయ్యి కలం పట్టింది. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. ఫరవాలేదు, చదవాల్సింది నేనే.

మనవరాలికి జూలైలో ఎంట్రన్స్ టెస్ట్. మూడేళ్లుగా లెక్కలు నా దగ్గరే నేర్చుకుంటోంది. ఇప్పుడు కోడలు ట్యూషన్‌లో వేస్తానంటోంది. డాక్టర్ రెస్ట్ అన్నాడు కదా అత్తయ్యా, మీరింక హాయిగా పడుకోండి అంది. ముప్ఫై నాలుగేళ్లు బళ్లో లెక్కలు చెప్పినదాన్ని పడుకోమంటుంది!

నాకు నేనే పరీక్ష పెట్టుకున్నాను. నా ఆస్పత్రి కార్డు నంబరు 1,04,729. ఇది ప్రధాన సంఖ్యా, కాదా? ఫోన్ ముట్టను. రెండు మొదలుకొని ఒక్కొక్క ప్రధాన సంఖ్యతో భాగించి చూస్తాను. 317 దాకా చాలు. దాని తర్వాతిది 331, దాని వర్గం ఈ నంబరును మించిపోతుంది. మొత్తం అరవై ఆరు భాగహారాలు. జవాబు సరైతే పిల్ల నా దగ్గరే చదువుకుంటుంది. తప్పితే ట్యూషన్. కోడలు నవ్వి, సరే, పందెం అంది.

జూన్ 4

2, 3, 5 చూపుతోనే తేలిపోయాయి. 7కు శేషం 2. 11కు 9. 13కు 1. చెయ్యి లాగేసింది. ఆపాను.

జూన్ 7

ఇరవై ఆరు అయ్యాయి. 101కి శేషం 93. అబ్బాయి తొంగి చూసి, ఫోన్‌లో రెండు సెకన్లమ్మా అన్నాడు. ఫోన్‌కి స్ట్రోక్ రాలేదురా అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లాడు.

జూన్ 8

ఒక్కటీ చెయ్యలేదు. వేళ్లు వణికాయి.

జూన్ 12, సాయంత్రం 4.30

317. శేషం 119. అయిపోయింది. ప్రధాన సంఖ్యే! ఏ సంఖ్యకూ లొంగలేదు.

అందరినీ ముందుగదిలోకి పిలిచి చెప్పాను. మనవరాలు కార్డు తీసుకుని కాసేపు చూసింది. నాన్నమ్మా, ఇది ఏడో ఎక్కంలో పోతోందే అంది మెల్లగా.

ఏడో ఎక్కం! నాలుగో భాగహారంలోనే దొరకాల్సింది. కోడలు గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. ఒక మాట అనుంటే బాగుండేది.

జూన్ 13

పరాయి పిల్ల పేపరు దిద్దినట్టు మొదటినుంచీ దిద్దాను. అరవై ఆరింటిలో ఒక్క తప్పు లేదు. మరి?

కార్డు పక్కన పెట్టుకుని ఒక్కో అంకె మీద వేలు పెట్టాను. కార్డు మీద ఉన్నది 1,07,429. ఏడూ నాలుగూ తారుమారు చేశాను. ఎనిమిది పేజీలూ అంతే. చూసిన ప్రతిసారీ నా కంటికి సరిగానే కనిపించింది.

మనవరాలు ఫోన్‌లో వెతికింది. నేను భాగించినది నిజంగానే ప్రధాన సంఖ్యట, వరసలో సరిగ్గా పదివేలవది. అయితే గెలిచినట్టే కదా నాన్నమ్మా అని వాదనకు దిగింది. కాదు. ప్రశ్నను తప్పుగా ఎక్కించుకున్న పిల్లలకు నేనెన్నడూ మార్కులు వెయ్యలేదు. నాకూ సున్నాయే. ట్యూషన్‌లో చేర్పించమని కోడలికి నేనే చెప్పాను. అంకెలు తారుమారవుతున్న సంగతి డాక్టరుకూ చెప్పాలి.

జూన్ 16, సాయంత్రం 6.00

పిల్ల ట్యూషన్ నుంచి తిన్నగా వచ్చి నా మంచం మీద కూర్చుంది. ఇకనుంచి చదవడం, రాయడం తన పనట. లెక్క చెయ్యడం నా పనట. ట్యూషన్‌కి పంపమన్నావు, పంపారు, సాయంత్రం ఎక్కడ కూర్చోవాలో నువ్వు చెప్పలేదుగా అంది. అంత నోరు ఎవరి పోలికో!

కార్డు నంబరు చదివింది. కళ్లు మూసుకుని ఏడుతో భాగించాను. 15,347.

జూన్ 17

15,347ను కూడా విడగొట్టాను: 103, 149. రెండూ ప్రధాన సంఖ్యలే. అక్కడితో ఆగింది.

పిల్ల రాసుకున్న లెక్కంతా పైకి చదవమన్నాను. కావాలనే రెండంకెలు తారుమారు చేసి చదివింది.

పట్టుకున్నాను.