రెండో మిషన్ ముందు

బాబాయ్,

రేపే ఓటు. నువ్వు లేని మొదటి ఎలక్షన్ ఇది. పొద్దున టిఫిన్ దగ్గర పెదనాన్న మొదలెట్టాడు.

"అసెంబ్లీకి నొక్కిన గుర్తే పార్లమెంటుకీ నొక్కెయ్యరా. రెండో మిషన్ దగ్గర మళ్ళీ ఆలోచనేంటి?"

"ఆ ఎంపీ అభ్యర్థి పేరేంటో చెప్పు పెదనాన్నా," అన్నాను.

"మీ బాబాయీ ఇంతే. లోపల నిలబడి పేర్లన్నీ చదివేవాడు, బయట లైనంతా తిట్టిపోసేది," అని నవ్వాడు. నేను ప్లేటు తోసేసి లేచాను.

కరపత్రాలన్నీ మళ్ళీ చదివాను. నువ్వు రోజూ తెనాలికి నిలబడి వెళ్ళిన రేపల్లె రైలుకు పెట్టెలు పెంచమని పార్లమెంటులో అడుగుతానన్నది ఒక్కడే. గెలవడు. అయినా నా ఓటు అతనికే.

రేపు ఆ రెండో మిషన్ ముందు నిలబడి పేర్లన్నీ చదివాకే నొక్కుతాను. లైను తిట్టనీ. వాళ్ళకు నువ్వు గుర్తొస్తావు.