మొదటి స్థానంలో ఉన్న ఏటి రేవు

టాలో లోయ నడకదారుల అధికారి గారి సముఖమునకు,
అదే లోయ నివాసి ఐల్సా గెడ్డిస్ మంగళవారం నాడు స్వయంగా తెచ్చి ఇచ్చుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా కొండనడక క్లబ్బు వెబ్‌సైటును సెర్చ్‌లో మొదటి స్థానానికి తెచ్చినది నేనే అయినందున, దానిని కిందికి దించుటలో తమ సహాయం కోరడం గురించి.

ఈ అర్జీ నేను మా నాన్న మీద కక్షతో రాస్తున్నానని మా ఇంట్లో అందరి నమ్మకం. నాన్న, ముర్డో గెడ్డిస్ గారు, ఆ క్లబ్బు అధ్యక్షులు. "డనీడిన్ పట్నంలో మూడేళ్లు చదివొచ్చింది కదా, ఈ ఊళ్లో ఊపిరాడట్లేదు దానికి. ఎవరితోనో ఒకరితో పెట్టుకోవాలి, నాన్నతో పెట్టుకుంది" అని అమ్మ పక్కింటావిడతో నేను వింటుండగానే అంది. ఊపిరాడని మాట నిజమే. తక్కినది నిజం కాదని మనవి.

1. పోయిన ఏడాది "రెండు రోజుల నడక" అని వెతికితే మా క్లబ్బు ఆరో పేజీలో ఎక్కడో ఉండేది. సభ్యులు పద్నాలుగు మంది, వారిలో ఇద్దరికి మోకాళ్లు మార్చారు. నాన్న పాస్‌వర్డ్ నా చేతికిచ్చి, "ఏదో ఒకటి చెయ్యవే, క్లబ్బు నా హయాంలోనే పోయేట్టుంది" అన్నారు. చేశాను. జనం ఏ మాటలతో వెతుకుతారో చూసి, ఆ మాటలతోనే పేజీ రాశాను. "పిల్లలతో టాలో ఏరు దాటవచ్చా?" అని శీర్షిక పెట్టి, కింద "దాటవచ్చు. నీళ్లు మోకాలి లోపే" అని జవాబు రాశాను. ఎండు మార్చిలో తీసిన ఫొటో ఒకటి చేర్చాను. నాన్న ప్యాంటు మడుచుకొని, నల్లబండ పక్కన, ఏటి మధ్యలో నవ్వుతూ నిలబడి ఉంటారు. డిసెంబరుకల్లా మొదటి స్థానం. సభ్యులు యాభై రెండు.

2. ఈ ఏడాది జూలై వరదకు, ఏరు దాటే ఆ రేవు పోయింది. గులకతిప్ప కొట్టుకుపోయి, పాయ నల్లబండ కిందికి జరిగింది. చూడ్డానికి మునుపటికంటే నెమ్మదిగా ఉంటుంది. నేను చెట్టుకు తాడు కట్టుకొని దిగి చూశాను. ఐదడుగులు వేశాను. ఆరో అడుగుకు కింద నేల లేదు.

ఆ సంగతి కమిటీకి చెప్పి, పేజీ తీసేద్దామన్నాను. క్లబ్బు కార్యదర్శి మా మేనత్త నోలీన్.

"తీసేస్తే మళ్లీ ఆరో పేజీయే కదమ్మా," అంది. "అంతకుముందు ఏడాది సమావేశానికి స్కోన్ రొట్టెలు రెండు డజన్లు చేసుకెళ్తే పద్దెనిమిది వెనక్కి తెచ్చుకున్నాను. వారం రోజులు మీ మామయ్యకి అవే పెట్టాను."

"ఏరన్నాక పెరుగుతుంది, తగ్గుతుంది," అన్నారు నాన్న. "చూసుకొని దాటాలి. ఆ మాత్రం నడిచేవాళ్లకి తెలుసు."

"తెలిసినవాళ్లు మన పేజీ వెతకరు నాన్నా."

"చదువుకున్నదానివి, నీతో మాట్లాడలేం," అన్నారు. అంతటితో సమావేశం ముగిసింది.

దయతలచి పేజీ అడుగున ఒక హెచ్చరిక పెట్టారు. కానీ అడుగుదాకా వెళ్లేదెవరు? నా జవాబును సెర్చ్ పెద్ద అక్షరాలతో పైనే చూపిస్తుంది: "దాటవచ్చు. నీళ్లు మోకాలి లోపే." పేజీ తెరవకుండానే చదువుకొని బయల్దేరుతున్నారు. ఆ వాక్యం రెండుసార్లు మార్చాను. రెండుసార్లూ అత్త పాతదే పెట్టింది, పాస్‌వర్డూ మార్చింది.

3. ఏటికి ఇవతల మొదటి బస, అవతల రెండో బస ఉన్న సంగతి తమకు తెలిసినదే. ఎక్కడికి వెళ్తున్నదీ నడిచేవారు ఆయా బసల పుస్తకాల్లో రాస్తారు. ఆగస్టు నుంచి మొదటి పుస్తకంలో ఏరు దాటుతామని రాసినవారు ముప్పై ఒక్కరు. ఆ ముప్పై ఒక్కరిలో రెండో పుస్తకానికి చేరిన పేర్లు ఇరవై నాలుగు. వాటిని చూడడానికి నేను పై వంతెన మీదుగా ఒక పూట అదనంగా నడిచాను.

తక్కిన ఏడుగురిలో ఒకాయన "మెడదాకా మునిగాను, వెనక్కి" అని మొదటి పుస్తకంలోనే రాసి వెళ్లాడు. నలుగురు ఒకే కుటుంబం. నంబరు ఉంటే ఫోన్ చేశాను. ఎత్తినామె పేరు లోసా.

"మేమేం తొందరపడలేదమ్మా," అంది. "ఫోన్‌లో మీ ఫొటో పెట్టుకొని, ఆ పెద్దమనిషి నిలబడ్డ చోటే దిగాం. సరిగ్గా ఆ నల్లబండ పక్కనే. చిన్నదాని బ్యాగు పట్టీ నా వేళ్లకి తగిలింది కాబట్టి సరిపోయింది." ఫోన్ పెట్టేముందు, "మీ పేజీ మాత్రం చాలా వివరంగా ఉంది," అంది.

ఇది నాన్నకు చెప్పాను. చాలాసేపు టీ కలుపుతూ కూర్చున్నారు. "తిరిగొచ్చారుగా," అన్నారు.

మిగిలిన ఇద్దరి సంగతి తెలియదు. దారి మొదట్లో బళ్లేవీ మిగల్లేదు గనుక ఇంటికి వెళ్లిపోయారనుకుంటున్నాను. ఈ పుస్తకాల నకళ్లు ఈ రోజే పోలీసులకూ ఇచ్చాను.

4. తమ కార్యాలయపు సైటులో మా పేజీకి లింకు ఉన్నది. తమవంటి కార్యాలయం చూపిన పేజీని సెర్చ్ పైకి తెస్తుంది గనుక, మేము మొదటి స్థానానికి చేరడానికి అదే ముఖ్యకారణం. అది ఇవ్వమని నేను రాసినప్పుడు తమ జవాబు ఒక్క రోజులో వచ్చినది. రేవు మూయమని ఆగస్టులో, సెప్టెంబరులో రాసిన రెండు ఉత్తరాలకు ఇంతవరకు రాలేదు.

5. ఈ శనివారం అక్టోబరు లేబర్ డే సెలవులు మొదలవుతాయి, సోమవారం దాకా. శుక్రవారం పైకొండల్లో భారీ వర్షమని సూచన. నిన్న ఒక్క రోజే మా జవాబు పన్నెండు వందల మందికి కనిపించింది.

కావున తమరు ఆ లింకు తీసివేయించి, రేవును మూయించి, రెండు ఒడ్డుల మీదా బోర్డులు పెట్టించవలెనని ప్రార్థన. చిత్తగించినా, చిత్తగించకపోయినా, నేను చేయబోయేది ఇది. సైటు పేరు నా పేరు మీద నమోదై ఉన్నది. ఆ సంగతి అత్తకు గుర్తులేదు. ఈ కాగితం తమ గుమాస్తాకు ఇచ్చి, బయట మెట్ల మీద కూర్చొని దాన్ని మూసేస్తాను.

ఇట్లు,
ఈ కాగితం వరకు తమ విధేయురాలు,
ఐల్సా గెడ్డిస్

తా.క. సైటు మూసినా ఆ జవాబు మరికొన్ని రోజులు సెర్చ్‌లో పైనే కనిపిస్తుంది. దాన్ని నేను దించలేను. అందుకని శుక్రవారం మొదటి బస పుస్తకంలో నా పేరు రాసి, సోమవారం సాయంత్రం దాకా నల్లబండకు ఎదురుగా ఒడ్డున ఉంటాను. రెండో పుస్తకంలో నా పేరు వెతకవద్దు. నేను దాటను. ఎవరినీ దాటనివ్వను.