ముందుగా వినిపించే నవ్వు

జూన్ 3, సోమవారం

మా పాత అంతరిక్షం సీరియల్ ఈరోజు సాయంత్రం నాలుగింటికి మళ్ళీ మొదలైంది. కాపురానికి వచ్చిన కొత్తలో నేనూ చెల్లీ పనులన్నీ ముగించుకుని, ఒకే చాప మీద కూర్చుని చూసేవాళ్ళం. చెల్లి అంటే తోబుట్టువు కాదు, తోడికోడలు. సీరియల్‌లో పేర్లు నోరు తిరగక అందరికీ తనే పేర్లు పెట్టేసింది. తలుపులు తెరిచే యంత్రం డబ్బా. నాలుగు చేతులున్న వంటవాడు వంటాయన. కెప్టెన్ భుజం మీద కూర్చుని చెవిలో ఊదే పిట్ట గుసగుస. కెప్టెన్ని మాత్రం కెప్టెన్ అనే అనేవాళ్ళం. ముద్దుపేరు పెట్టేంత ఇష్టం ఆయన మీద మా ఇద్దరికీ లేదు.

ఈరోజు చాప మీద నేనొక్కదాన్నే. హాలు మధ్యలో గోడ నిన్నటితో పూర్తయింది.

జూన్ 4

ఒక సంగతి కనిపెట్టాను. చెల్లి వాళ్ళ టీవీ మా టీవీకన్నా కాస్త ముందు నడుస్తోంది. కేబుల్ బాక్స్ తేడా కాబోలు. నా టీవీలో డబ్బా ఇంకా గదిలోకే రాలేదు, గోడవతల చెల్లి పకపకా నవ్వేసింది. ఆ తర్వాత డబ్బా వచ్చి కెప్టెన్ కాలు తొక్కింది. అప్పుడు నేనూ నవ్వాను. తనకి వినిపించి ఉండదు. నా మాటే పక్కవాళ్ళకి వినపడదు, ఇక నవ్వెంత.

జూన్ 6

ఈయనా మరిదీ కలిసి మోటార్లకు వైండింగ్ చేసే షాపు నడిపారు, నిన్నమొన్నటి దాకా. కొత్త బోర్డు రాయించేటప్పుడు నా పేరు కూడా వేయించు అన్నయ్యా అన్నాడట మరిది. బోర్డు మీద అంత చోటు లేదురా అన్నారట ఈయన. ఇన్నేళ్ళూ నీకు స్పానర్లు అందించడానికేనా నేనున్నది అని అతను, కాక మరేం చేశావు చెప్పు అని ఈయన. అక్కడి నుంచి వచ్చింది ఈ గోడ.

దేవుడి గది మాకు వచ్చింది, వంటిల్లు వాళ్ళకి. నేను వెనక వరండాలో స్టవ్ పెట్టుకున్నాను. చెల్లి దీపం ఎక్కడ పెట్టుకుంటోందో. అటువైపు పలకరింపు కూడా వద్దని ఈయన చెప్పారు. అక్కడా అదే ఆర్డరని పాలు పోసే ఆవిడ చెప్పింది. ఆవిడ రెండు వాకిళ్ళలోనూ పాలతో పాటు కబుర్లూ పోస్తుంది. గుసగుస సీరియల్‌లోనే ఉందనుకునేదాన్ని.

జూన్ 10

పక్కపాత్రల గురించి నా అభిప్రాయం రాసుకోవాలనిపించింది. వినేవాళ్ళు లేరు కాబట్టి ఇక్కడే.

గుసగుస నాకు నచ్చదు. కెప్టెన్ కోపంగా ఉంటే ఇంకాస్త ఎగదోస్తుంది, భయపడితే ఇంకాస్త భయపెడుతుంది. సొంత మాట ఒక్కటీ ఉండదు. వంటాయన మంచివాడే కానీ అలుగుతాడు. చెల్లికి ఆయనంటే ప్రాణం. నాలుగు చేతులతో అందరికీ వడ్డిస్తాడు, నువ్వు తిన్నావా అని ఒక్కరైనా అడుగుతారా, అలగక ఏం చేస్తాడక్కా అని నా మీదకే వచ్చేది.

నాకు డబ్బా. డబ్బాకి తెలిసిన పని ఒకటే, అందరూ దాటేదాకా తలుపు పట్టుకోవడం. దాటినవాళ్ళు వెనక్కి తిరిగి చూడరు. తలుపు మూసుకుపోతుంది, డబ్బా అవతలే ఉండిపోతుంది. తర్వాతి భాగంలో ఏమీ జరగనట్టు మళ్ళీ ఓడలో ఉంటుంది. ఎలా వచ్చిందో కథ రాసినవాళ్ళకీ పట్టలేదు. నేను ఇదే పట్టుకుని వాపోతుంటే చెల్లి అనేది, ఎలా వస్తుందేంటక్కా, నడుచుకుంటూ వస్తుంది, ఎవరూ ఎదురెళ్ళరు, అంతే.

ఈరోజు దీపం పెట్టి అందరినీ చల్లగా చూడమని దండం పెట్టుకుంటుంటే డబ్బా కూడా గుర్తొచ్చింది. దాన్నీ కలిపాను. తప్పయితే దేవుడే క్షమించాలి.

జూన్ 13

కరెంటు ఎక్కువై మా బాక్స్ కాలిపోయింది. ఎంత పెద్ద మోటారునైనా విప్పి బిగించే ఈయన, ఇది నా లైను కాదన్నారు. మెకానిక్ తీసుకెళ్ళాడు, వారం పడుతుందట. నాలుగింటికి చాప గోడ పక్కకి జరుపుకుని కూర్చున్నాను. ఎవరో మాట్లాడుతున్నట్టు తెలుస్తోంది, ఏం మాట్లాడుతున్నారో తెలియడం లేదు.

జూన్ 14

గోడవతల వాల్యూమ్ పెరిగింది. ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది, డబ్బా కీచు చప్పుడుతో సహా. మా టీవీ మూగబోయిందని పాలావిడే చెప్పి ఉంటుంది. గోడ మీద చెయ్యి పెట్టాను. సిమెంటు ఇంకా పూర్తిగా ఆరలేదు, చల్లగా ఉంది.

జూన్ 17

ఈయన తలనొప్పిగా ఉందని షాపు నుంచి తొందరగా వచ్చేశారు. అప్పుడే నాలుగైంది. ఆ సౌండు వినగానే మొహం ఎర్రబడిపోయింది. చూశావా, మనకి టీవీ లేదని తెలిసి కావాలనే పెంచారు అన్నారు. కాదండీ అన్నాను. సంచిలోంచి స్పానర్ తీసి గోడ మీద కొట్టారు. షాపు మానేశాక మరిది ఇంట్లోనే ఉంటున్నాడు కదా, అతనూ అటునుంచి దేంతోనో కొట్టాడు. నా ఇల్లు, నా టీవీ, నా ఇష్టం, బోర్డు నీదయితే నీ దగ్గరే ఉంచుకో అని అరిచాడు. నీ టీవీ కాదురా, నీ బుద్ధి అది అని ఈయన.

చెల్లి నాకోసం పెంచిందండీ అన్నాను. ఇద్దరు మగవాళ్ళు అలా గోడ బాదుతుంటే నా గొంతు ఎవరికి వినపడుతుంది.

జూన్ 18

ఈరోజు చెప్పేశాను. అన్నం వడ్డించాక, దేవుణ్ణి తలుచుకుని, వీలైనంత గట్టిగా. మిమ్మల్ని ఉడికించడానికి కాదు, నేను వినాలని చెల్లి పెంచింది, మీరే వెళ్ళి తమ్ముడితో ఒక్క మాట అనండి అన్నాను. ముద్ద కింద పెట్టేశారు. అయితే మీ ఇద్దరికీ గోడ లేదన్నమాట, నేనొక్కణ్ణే పిచ్చివాణ్ణన్నమాట అన్నారు. చెయ్యి కడుక్కుని లేచిపోయారు.

నిజం చెబితే సర్దుకుంటుందనుకున్నాను. ఇంకేం చెప్పాలో నాకు తెలియదు.

జూన్ 21

వాళ్ళు వెళ్ళిపోతున్నారట. వేరే ఊళ్ళో మరిది సొంతంగా షాపు పెట్టుకుంటాడట. స్పానర్ పెట్టి కొట్టిన గోడ పక్కన నేనుండను అన్నాడట. చెల్లి నాతో ఏమైనా చెప్పమందా అని పాలావిణ్ణి అడిగాను. లేదమ్మగారూ, గిన్నెలు సర్దుతోంది, ఆ మొహం చూశాక నాకే నోరు పెగల్లేదు అంది. ఆవిడకి నోరు పెగలకపోవడం నేను వినడం ఇదే మొదలు.

జూన్ 22

బాక్స్ బాగై వచ్చింది.

జూన్ 24, సాయంత్రం

ఈరోజు ఏ భాగమో నాకు ముందే తెలుసు. వంటాయన ఇంకా బయటే ఉండగా తలుపు మూసెయ్యమంటాడు కెప్టెన్. డబ్బా మూయదు. మొత్తం కథలో అది కెప్టెన్ మాట వినని రోజు ఇదొక్కటే. అప్పట్లో చెల్లి ఏడుస్తూనే చాప మీంచి లేచి చప్పట్లు కొట్టింది.

నా టీవీలో వంటాయన ఇంకా పరుగెత్తుతూనే ఉన్నాడు, గోడవతల చప్పట్లు వినిపించాయి. కాసేపటికి నా డబ్బా కూడా తలుపు పట్టుకుని నిలబడింది. నేనూ కొట్టాను. అరచేతులు మండేదాకా కొట్టాను. అటువైపు ఒక్క క్షణం అంతా ఆగిపోయింది. మళ్ళీ చప్పట్లు మొదలయ్యాయి.

జూన్ 26

పొద్దున్నే లారీ వచ్చింది. నేను మా గుమ్మంలో నిలబడ్డాను. మంచాలు, బీరువా, టీవీ, అన్నీ ఎక్కించారు. చివర్లో చెల్లి వచ్చింది, ఒక చేతిలో దేవుడి పటం, ఇంకో చేతిలో కుక్కర్. నన్ను చూసి ఆగింది. మొహం చిక్కిపోయింది. ఏదో అనబోయింది.

లోపలి నుంచి ఈయన, దుమ్మంతా లోపలికొస్తోంది, తలుపు వెయ్యి అన్నారు. నేను తలుపు పట్టుకునే ఉన్నాను. చెప్పేది నీకే అని మళ్ళీ అన్నారు.

వేశాను.

జూన్ 27

నాలుగింటికి టీవీ పెట్టాను. డబ్బా మళ్ళీ కెప్టెన్ కాలు తొక్కింది. అక్కడ నవ్వాలని ముందుగా ఎవరూ చెప్పలేదు.

వీధి తలుపు తీసే ఉంచాను. దుమ్ము వస్తోంది.