ఎత్తుగా వేసిన బంతి

ప్రియమైన అమ్మకు,

ప్రభువు నామంలో వందనాలు. నాంపల్లిలో నేనూ, నా గదీ, మేఘన ఖాళీ మంచమూ క్షేమం. మెదక్‌లో నువ్వూ మేఘనా రాత్రిళ్లు కాస్త నిద్రపోతున్నారని తలుస్తున్నాను.

నీ ఉత్తరం శనివారం అందింది. వేళకు తింటున్నాను. ఓనరమ్మ నీళ్ల కోసం సతాయించడం మానేసి, మేఘన ఎట్లుందని రోజూ అడుగుతోంది. సుల్తాన్ బజార్‌లో దానికి రెండు నైటీలు తీసుకున్నాను. తల మీంచి వేసుకోనక్కర లేకుండా ముందు గుండీలున్నవే చూశాను. ఆబిడ్స్ షాపులో ఆదివారం కూడా స్టాక్ చూడమంటున్నారు, అందుకే రాలేకపోతున్నాను.

తలదెబ్బకు ఫోను వెలుతురు, మోత రెండూ వద్దని డాక్టర్ అన్నాడు కనుక అమెరికా ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్‌ల కబుర్లు ఉత్తరంలో రాయమందట నీ చిన్నకూతురు. ఆ పేర్లకు నీ నోరు తిరగదన్నావు. తిరక్కపోయినా దానికి చదివి వినిపించు. మా ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో నేను చేసేదీ ఆ పనే. బంతి అందుకుని, ఎవరికి విసరాలో రెండు మూడు క్షణాల్లో తేల్చుకోవాలి. అమెరికా వాళ్లు మీద పడి పడగొడతారు, మేం నడుముకున్న గుడ్డ లాగుతాం. అందుకే మాకు హెల్మెట్లుండవు.

డాన్ మరీనో చేతిలో బంతి నిలిచేదే కాదు, చూశాడా విసిరేశాడు. పదిహేడేళ్లు ఆడినా ఒక్క సూపర్ బౌల్ ఫైనల్ గెలవలేదు. పేటన్ మానింగ్ ఆట మొదలవకముందే ఎదుటివాళ్ల ఎత్తు పసిగట్టి, అరిచి చేతులూపి తన వాళ్లను సర్దేవాడు. మెడ ఆపరేషన్ల తర్వాత చేతి బలం తగ్గితే బుర్రతో నెట్టుకొచ్చి, ఆఖరి మ్యాచ్ గెలిచి మరీ వెళ్లాడు. ఆండ్రూ లక్ దెబ్బలు తిని తిని, ఇరవై తొమ్మిదేళ్లకే కన్నీళ్లతో వదిలేశాడు. ఇక బ్రెట్ ఫావ్‌ర్‌ది మొండి చెయ్యి. సందు లేకపోయినా దూర్చేవాడు. మూడు వందల ముప్పై ఆరు బంతులు ఎదుటివాళ్ల చేతుల్లో పెట్టాడు, అన్ని ఇంకెవరూ పెట్టలేదు. నన్ను ఆయన చెల్లెలివని మేఘన ఏడిపించేది.

ఇక్కడిదాకా పైకి చదువు. ఇక్కడి నుంచి నీ ఒక్కదానికే.

"నేను లేటుగ ఎగిరిన్నా, అక్కనడుగు" అని మేఘన అందని నీ ఉత్తరం చివర రాశావు. జవాబు చెబుదామని రెండుసార్లు ఫోన్ చేసి, నీ గొంతు వినగానే తిన్నావా అని అడిగి పెట్టేశాను.

అది సరిగ్గానే ఎగిరిందమ్మా. దెబ్బ తగిలిన రోజు ఎడమవైపు మా టీమ్ జానకి ఖాళీగా నిలబడి ఉంది. పది అడుగుల దూరం. కానీ క్యాంపుకు ఎంపిక చేసే మేడం చూస్తున్నారు, నా చెయ్యి ఎంత దూరం పోతుందో ఆమెకు చూపించాలనిపించింది. మేఘన మీదికి ఎదుటి టీమ్ పిల్ల పరుగెత్తుకొస్తోంది. నేను చూశాను. చూసే విసిరాను, ఎత్తుగా విసిరాను. అక్క వేసిందంటే అందుతుందని అది రెండు చేతులూ చాపి ఎగిరింది, పక్కకు చూసుకోలేదు. ఆ పిల్ల తగిలి, దాని తల నేలకు కొట్టుకుంది.

స్కోరు కాగితంలో మా కోచ్ రామకృష్ణ సార్ 'క్యాచ్ వదిలింది' అని మేఘన పేరు ఎదురుగా రాశారు. నేను పక్కనే ఉండి కూడా కాదనలేదు. ఫావ్‌ర్ తప్పులన్నీ ఫావ్‌ర్ పేరు మీదే ఉన్నాయి. నాది చెల్లి పేరు మీదుంది. దవాఖానలో నువ్వు నా తల నిమిరి, "నువ్వేం జేస్తవ్ బిడ్డా, ఆట గది" అన్నప్పుడూ నోరు విప్పలేదు. మొన్న క్యాంపు జాబితాలో నా పేరు వచ్చింది. ఆ బంతి చూసే తీసుకున్నారట. నా మీద నాకే అసహ్యం వేసింది.

నిన్న సార్‌కు చెప్పేశాను. ఆయన మేఘన పేరు కొట్టేసి నాది రాశారు. రాసి, "గీ మాట ముందుగాల ఆ పిల్లకు చెప్పినవా?" అనడిగారు.

చెప్పలేదు. ఆదివారాలు షాపు మూసే ఉంటుందమ్మా. దాని ముఖం చూడలేకే రాలేదు.

పైన నీ ఒక్కదానికే అని రాశాను కదా, ఆ మాట కొట్టేస్తున్నాను. ఇదంతా కూడా దానికి చదువు, ప్రార్థనప్పటి గొంతుతో, మెల్లగా. అది రమ్మంటే ఆదివారం మొదటి బస్సుకు వస్తాను. వద్దంటే, ఆ మాట మెత్తగా మార్చకుండా అది అన్నట్టే రాయి.

ఇట్లు,
బంతి ఎత్తుగా వేసిన నీ పెద్దకూతురు,
యూనీస్