ఎర్రరంగు పడిన బురుజు

బాపూ,

నువ్వు మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి వదిలేసిన పని, నువ్వు పోయిన ఏడాదికి అయింది. మన దొడ్లోని రాతి బురుజును కాపాడాల్సిన పాత కట్టడాల్లో చేర్చారు. ఇక దాన్ని ఎవరూ కూల్చకూడదట.

పోయిన నెల సర్కారు మనుషులు ఇద్దరొచ్చి, కొలతలు తీసుకుని, బురుజు మీద ఎర్రరంగుతో నంబరు వేసి పోయారు. ఎందుకో చెప్పలేదు. ఎయిర్‌పోర్టుకు మన చెలక భూమి పోయినప్పుడు కూడా ముందు హద్దురాళ్ల మీద ఎర్రరంగే పడింది కదా.

"రంగేసినంక ఏదన్న మిగిలిందా అక్కా? గవర్నమెంటు గుంజుకునే లోపల రాళ్లన్న మనకు దక్కుతయి," అన్నాడు తమ్ముడు. నాకూ అదే నిజమనిపించింది. తెల్లారి శంషాబాద్ నుంచి జేసీబీ తెచ్చాడు. నువ్వు ఏటా నిచ్చెన వేసుకుని రావి మొలకలు పీకిన బురుజు గోడ, మధ్యాహ్నానికి కుప్పయింది.

నిన్న ఆఫీసరు 'రక్షిత కట్టడం' అని రాసిన బోర్డు పట్టుకుని వచ్చాడు. కుప్పలో ఎర్రరంగు అంటిన రాయిని వంగి తిప్పి చూశాడు.

"మీ బాపు దరఖాస్తు మీదనే వచ్చినమమ్మా. నంబరు ఎందుకేసిన్రని ఒక్క మాటన్న అడగొద్దా?" అన్నాడు. బోర్డు మళ్లీ జీపులో పెట్టుకుని పోయాడు.

నువ్వైతే అడిగేవాడివి. చెలక పోయిన నాటి నుంచి మాకు అడిగే అలవాటే పోయింది, బాపూ.